ఫెజ్ సందుల్లో తప్పిపోతే మజా ఏమీ లేదు

మొరాకోలో ఫెజ్ వెళ్తున్నామని చెప్పగానే, అప్పటికే వెళ్లొచ్చిన వాళ్లలో నలుగురు నాకు ఒకే సలహా ఇచ్చారు. గైడూ గీడూ ఏమీ పెట్టుకోవద్దు, ఫోన్ బ్యాగులో పడేసి ఆ సందుల్లో హాయిగా తప్పిపోండి, ఫెజ్ అంటే అదే అని. వీడియోలు చూసినా అంతే, ప్రతివాడూ నీలం గేటు ముందు నిలబడి "లెట్స్ గెట్ లాస్ట్" అంటూ మొదలుపెడతాడు. నేనూ నమ్మాను. ఒక మధ్యాహ్నం నిజంగానే తప్పిపోయి, మర్నాడు పొద్దున ఒక గైడుతో నాలుగు గంటలు నడిచి వచ్చాక, ఆ సలహా ఇచ్చినవాళ్లు అసలు ఊరు చూశారా అని అనుమానం పట్టుకుంది. కాస్త పెద్ద మాటే, తెలుసు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఆ మధ్యాహ్నం సంగతి. మేం ఫ్రాన్స్‌లో ఉంటాం, మొరాకో విమానంలో దగ్గరే. తెనాలి నుంచి అమ్మ మా దగ్గరికి వచ్చి ఉంది, మోకాళ్లు అంత బాగుండవు, అయినా "వచ్చిందాన్ని ఇంట్లో కూర్చోబెడతారా" అని దెప్పుతుంటే ఇద్దరం బయల్దేరాం. ఫెజ్ పాత ఊరికి, అంటే ఫెజ్ ఎల్ బాలికి, పడమటి వైపు ఉన్న బాబ్ బూ జెలూద్ అనే ఆ నీలం గేటు దగ్గర టాక్సీ దింపేసింది. లోపలికి కార్లు రావు. అయిదు నిమిషాలు నడిచామో లేదో ఫోన్లో మ్యాపు మేం ఒక ఇంటి పైకప్పు మీద ఉన్నామని చూపించడం మొదలుపెట్టింది. సందు రెండు బారలు లేదు, పైన ఆకాశం చీర అంచంత కనిపిస్తోంది, జీపీఎస్ మాత్రం ఏం చేస్తుంది పాపం.

పదిహేనేళ్ల కుర్రాడొకడు ఎదురొచ్చి "క్లోజ్డ్, క్లోజ్డ్, దిస్ వే" అన్నాడు. ఇండియా అని తెలియగానే "నమస్తే! షారుఖ్ ఖాన్!" అన్నాడు. అక్కడే కరిగిపోయాం. వాడి వెనకాల పది మలుపులు తిరిగి, ఒక తోలు దుకాణంలోకి వెళ్లి, ఏమీ కొనకుండా బయటికొచ్చి, ఇంకో నాలుగు మలుపులు తిరిగాక చూస్తే ఎదురుగా గోడ. దారి లేదు. అప్పుడు వాడు చెయ్యి చాపి 200 దిర్హాములు అన్నాడు. ఆ గొడవకి పక్కనున్న తలుపు తెరుచుకుని ఒకావిడ బయటికొచ్చింది. చేతులకి సబ్బు నురగ, తల మీద తువ్వాలు, పొద్దున్నుంచీ ఇంటి పనిలో ఉన్న మనిషి. కుర్రాణ్ణి అరబ్బీలో దులిపేసింది గానీ, మా వైపు చూసిన చూపే నాకు గుర్తుండిపోయింది. కోపం లేదందులో. పరాయివాళ్లు పడగ్గదిలోకి వచ్చేస్తే ఎలా చూస్తామో అలా చూసింది. 50 దిర్హాములు వాడి చేతిలో పెట్టి వచ్చిన దారినే తిరిగాం. అమ్మ మెల్లగా అంది, "వాళ్ల వాకిట్లోకి వచ్చేశామే."

అమ్మ ఊహించి అన్నది అక్షరాలా నిజమని మర్నాడు గైడు చెబితే గానీ తెలియలేదు.

గైడుకి యాభై దాటుంటాయి. మెడలో పర్యాటక శాఖ ఇచ్చిన బ్యాడ్జి. మొరాకోలో గైడు పని చెయ్యాలంటే అది ఉండాలి, లేనివాళ్లని దొంగ గైడ్లంటారు, పట్టుకోవడానికి టూరిస్టు పోలీసులు కూడా ఉన్నారు. మనిషి మాట్లాడితే ఇంగ్లీషు, విసుగొస్తే ఫ్రెంచి. అమ్మని మొదటి నిమిషం నుంచీ "హజ్జా" అని పిలిచాడు. హజ్ చేసిన పెద్దావిడ అని అర్థం, చెయ్యకపోయినా పెద్దవాళ్లని గౌరవంగా అలాగే పిలుస్తారట. అమ్మకి అది భలే నచ్చింది. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు మా ఆయన చేత అలా పిలిపించుకుంది.

ఆయన చెప్పిన మొదటి పాఠం, మ్యాపు చూడొద్దు, నేల వాలు చూడండి అని. ఈ ఊరు గిన్నెలా ఉంటుంది. గేటు అంచు మీద ఉంది, కరవియ్యీన్ మసీదు అడుగున ఉంది, దాన్ని దాటితే ఏరు. గేటు నుంచి కిందకి రెండు పెద్ద దారులు, తలా కబీరా, తలా స్గీరా. తలా అంటే ఎక్కుడు దారి, కబీరా పెద్దది, స్గీరా చిన్నది. అంతే. కిందకి నడిస్తే మసీదు, పైకి నడిస్తే గేటు. ముందు రోజు రెండు గంటలు తిరిగిన మాకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. తొమ్మిది వేల చిల్లర సందులున్నాయని గైడ్లంతా చెబుతారు, వినగానే గుండె జారుతుంది. కానీ ఆ తొమ్మిది వేలలో మనం నడవాల్సినవి పట్టుమని ఇరవై ఉండవు. మిగతావి ఎవరివి అన్నదే అసలు ప్రశ్న.

చాలావరకు దర్బ్‌లు. దర్బ్ అంటే పెద్ద సందులోంచి చీలి, పది పదిహేను ఇళ్ల తలుపుల ముందు నుంచి వెళ్లి గోడ దగ్గర ఆగిపోయే చిన్న సందు. కొన్నిటికి మొదట్లో తలుపు కూడా ఉండేది, రాత్రి మూసేసేవాళ్లు. కొన్నిచోట్ల తలుపు పోయినా చెక్క చట్రం ఇంకా ఉంది, ఆయన వేలితో చూపించాడు. అంటే అది రోడ్డు కాదు. ఆ ఇళ్లవాళ్ల ఉమ్మడి వాకిలి. పిల్లలు ఆడుకునేది, ఆడవాళ్లు తల మీద గుడ్డ సరిగ్గా లేకపోయినా తిరిగేది అక్కడ. ఇంటి కిటికీలు కూడా సందు వైపు ఉండవు, లోపలి మండువాలోకి ఉంటాయి. ఊరంతా ఇంత జాగ్రత్తగా కట్టుకున్నది బయటి మనిషి ఎంతవరకు రావచ్చో నోరు తెరవకుండా చెప్పడానికి. అక్కడికి మనం వెళ్లి "భలే తప్పిపోయాం" అని ఫోటోలు దిగుతున్నాం. మన ఇంటి పెరట్లోకి ఎవడో విదేశీ కెమెరా వేసుకుని వచ్చి, అమ్మమ్మ బట్టలారేస్తుంటే, "అబ్బ, ఎంత సహజంగా ఉందో" అంటే ఊరుకుంటామా?

ఇది తెలిశాక తప్పిపోవడం అనే మాట మీదే నాకు మోజు పోయింది. వెయ్యేళ్లుగా జనం రోజూ పనికి, బడికి, పెళ్లికి వెళ్తున్న ఊరుని పద్మవ్యూహం అనడం మన అజ్ఞానానికి అందమైన పేరు పెట్టుకోవడమే. పైగా ఆ మోజు మీదే దొంగ గైడ్ల వ్యాపారం నడుస్తోంది. దారి తెలిసినవాడికి "క్లోజ్డ్" అని చెప్పి ఎవడూ మోసం చెయ్యలేడు కదా.

సందుల్ని చదవడం నేర్చుకుంటే ఇంకో మెట్టు ఉంది. పేర్లు. అత్తారీన్ అంటే అత్తర్లు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు. మన అత్తరే. నజ్జారీన్ వడ్రంగులు. సఫ్ఫారీన్ కంచరివాళ్లు. కుమ్మరి వీధి, మేదరి వీధి, కంసాలి బజారు విని పెరిగినవాళ్లకి ఇందులో వింతేముంది? వింతల్లా వాటి వరస. పెద్ద మసీదుకి దగ్గరగా పుస్తకాలు, కొవ్వొత్తులు, అత్తర్లు, శుభ్రమైనవీ వాసన మంచివీ. ఆ తర్వాత బట్టలు. చప్పుడు చేసేవి ఇంకొంచెం ఎడంగా. కంపు కొట్టేవి ఏటి ఒడ్డున. ఫెజ్‌లో దీనికి మినహాయింపులు లేకపోలేదు, కంచరివాళ్ల సఫ్ఫారీన్ మసీదుకి ఆనుకునే ఉంది. అయినా మోటుగా ఈ లెక్క గుర్తుంచుకుంటే, కళ్లు మూసుకుని కూడా మసీదుకి దగ్గరవుతున్నామో దూరమవుతున్నామో ముక్కే చెబుతుంది.

సఫ్ఫారీన్ దగ్గర అమ్మ ఆగిపోయింది. చిన్న చౌకు, మధ్యలో చెట్టు, చుట్టూ సుత్తి దెబ్బలు. మనిషి కూర్చుని స్నానం చెయ్యగలిగినంత రాగి గుండిగలు బోర్లించి ఉన్నాయి. ఇవి ఎవరు కొంటారని అడిగితే, కొనరు, పెళ్లిళ్లకి అద్దెకి తీసుకెళ్తారు అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. "మన షామియానా సామాన్ల కొట్టు!" అంది. నేను అనువదించలేక వదిలేశాను.

ఇంకో సంగతి. తొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ ఊరుని పెంచి నిలబెట్టిన రాజు మౌలే ఇద్రీస్ (ఆ పేరుతో రెండో ఆయన) సమాధి మందిరం వైపు వెళ్లే సందులకి అడ్డంగా, భుజాల ఎత్తులో ఒక చెక్క దూలం ఉంటుంది. గాడిదలు, కంచర గాడిదలు అక్కడితో ఆగాలి. మనుషులు తల వంచి దాటుతారు. బోర్డు లేదు, కానిస్టేబులు లేడు, ఒక్క దూలం. నేనొక్కదాన్నే వెళ్లుంటే అది తలకి తగలకుండా తప్పించుకుని వెళ్లిపోయేదాన్ని, అంతే.

గాడిదలంటే గుర్తొచ్చింది, వెనకనుంచి "బాలక్! బాలక్!" అని అరుస్తారు, తప్పుకోండి అని. అమ్మ మొదటి రోజంతా ఎవరో పిల్లాణ్ణి పిలుస్తున్నారనుకుంది. గ్యాసు సిలిండర్లు, కోకాకోలా కేసులు, పచ్చి తోళ్లు, సిమెంటు బస్తాలు, అన్నీ వాటి మీదే. సరుకుతో వచ్చే కంచర గాడిదకి బ్రేకులుండవు, గోడకి అతుక్కోవాల్సిందే.

గైడు మాటల్లో అన్నీ బంగారమని నేననను. కరవియ్యీన్ గుమ్మం దగ్గర నిలబెట్టి (ముస్లింలు కానివాళ్లని లోపలికి రానివ్వరు, గుమ్మంలోంచే తెల్లటి ముంగిలి చూసి తృప్తిపడాలి) ఆయన గుక్క తిప్పుకోకుండా పాఠం అప్పజెప్పాడు: 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ తన వారసత్వం డబ్బుతో కట్టించింది, ప్రపంచంలోకెల్లా పాత విశ్వవిద్యాలయం ఇదే అని. వినడానికి బాగుంది. ఫాతిమా కథ మనకి దొరికేది పద్నాలుగో శతాబ్దంలో రాసిన చరిత్రలో, అంటే దాదాపు 500 ఏళ్ల తర్వాత. మసీదులో శతాబ్దాలపాటు గొప్ప చదువు సాగిన మాట నిజం, కానీ దాన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయంగా మార్చింది 1963లో. అంతకుముందున్నది మన వేదపాఠశాలలా, గురువు చుట్టూ శిష్యులు కూర్చునే పద్ధతి. దాన్ని విశ్వవిద్యాలయం అనాలా వద్దా అన్నది పండితుల తగువు. ఆ తగువు చెబితే కథ ఇంకా బాగుంటుందని నా ఉద్దేశం. గైడ్లు చెప్పరు, రికార్డు ఉంటేనే టూరిస్టు తల ఊపుతాడని వాళ్లకి అనుభవం.

అందరూ ఫోటో తీసుకునే ఆ నీలం గేటు కూడా అంతే. "మధ్యయుగాల ద్వారం" అని రాసేస్తుంటారు. అది 1913లో ఫ్రెంచివాళ్ల హయాంలో కట్టింది. అసలు పాత గేటు పక్కనే చిన్నగా, ఎవరూ పట్టించుకోకుండా ఉంది. అంతకు ముందు ఏడాది, 1912 మార్చి 30న, ఇదే ఊళ్లో సుల్తాను చేత సంతకం పెట్టించుకుని మొరాకోని తమ చేతిలోకి తీసుకున్నారు. వాళ్ల మొదటి రెసిడెంట్ జనరల్ లియోటే పాత ఊళ్లను ముట్టుకోకుండా, వాటికి దూరంగా యూరోపియన్లకి విశాలమైన రోడ్లతో కొత్త ఊళ్లు కట్టించాడు. పాత కట్టడాల మీద ప్రేమ ఉండొచ్చు, కానీ డబ్బూ, కరెంటూ, ఆఫీసులూ కొత్త ఊరికే పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక డబ్బున్న పాత కుటుంబాలు కూడా కాసాబ్లాంకాకో కొత్త ఊరికో వెళ్లిపోయాయి. వాళ్ల హవేలీల్లో పల్లెల నుంచి వచ్చిన బీద కుటుంబాలు గదికొకటి చొప్పున దిగాయి. సందుల్లో గోడకీ గోడకీ మధ్య దూలాలు ఊతగా పెట్టి ఉంటాయి, ఇళ్లు కూలిపోకుండా. ఈ పాత ఊరు 1981లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కాబట్టి "ఇక్కడ కాలం ఆగిపోయింది" అని రాసేవాళ్లని నేను నమ్మను. ఎవరో ఆపితే ఆగింది, దాని బిల్లు ఇంకెవరో కట్టారు.

బూ ఇనానియా మదర్సా మాత్రం లోపలికి వెళ్లి చూడనిస్తారు, వెళ్లండి. 1350ల్లో అబూ ఇనాన్ అనే సుల్తాను కట్టించింది. కింద ముక్కలు కోసి పేర్చిన రంగు పలకలు, నడుం ఎత్తు దాటాక సున్నంలో చెక్కిన లతలు, పైన దేవదారు చెక్క. నాకు అంతకంటే ఆసక్తి కలిగించిన విషయం వేరు. ఇదే సుల్తాను ఆజ్ఞ మీద ఇదే ఊళ్లో ఇబ్న్ బతూతా తన ప్రయాణాల కథ చెబుతుంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడు రాశాడు, 1355లో పూర్తయింది. ఢిల్లీలో తుగ్లక్ దర్బారు, దౌలతాబాద్ కోట, కాలికట్ రేవు, మనం బళ్లో చదువుకున్నవన్నీ ఈ సందుల్లో ఎక్కడో కూర్చుని చెప్పినవే. గైడుకి ఇది చెబితే ఆయన మొదటిసారి నన్ను ప్రశ్న అడిగాడు: దౌలతాబాద్ మీ ఊరికి ఎంత దూరం?

ఇక తోళ్లు శుద్ధి చేసే తొట్లు. షువారా అంటారు. అందరూ చూపించే ఫోటో అదే, తేనెపట్టులా రాతి తొట్లు, తెల్లవీ ఎర్రవీ పసుపువీ. తెల్ల తొట్లలో సున్నం, పావురాల రెట్ట. బొచ్చు ఊడటానికీ తోలు మెత్తబడటానికీ. మనుషులు తొడల దాకా దిగి తొక్కుతుంటారు. చూడాలంటే చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడ మీదకి ఎక్కాలి, ఎక్కేటప్పుడు చేతిలో పుదీనా రెమ్మ పెడతారు, దిగేటప్పుడు బ్యాగులు చూపిస్తారు. పుదీనా ముక్కుకి ఆనించుకుని పైనుంచి ఫోటో తియ్యడం నాకెందుకో చేతకాలేదు. మన ఊళ్లలో తోలు పని చేసేవాళ్లని ఊరికి దూరంగా ఉంచాం, వాళ్లు కుట్టిన చెప్పులు మాత్రం వేసుకున్నాం. ఆ లెక్క తెలిసినవాళ్లం పైనుంచి ముక్కు మూసుకుని కిందకి చూస్తుంటే లోపల ఏదో గుచ్చుకుంటుంది. అమ్మ పుదీనా తీసుకోలేదు. "వాళ్లు దిగి పని చేస్తుంటే మనకేం వచ్చింది" అని నిలబడి చూసింది. రెండు నిమిషాల తర్వాత దగ్గొచ్చి తీసుకుంది, అది వేరే సంగతి.

షాపుల విషయం దాచి లాభం లేదు. మొదటే చెప్పాను, షాపులొద్దు అని. అయినా తివాచీల కొట్టుకి తీసుకెళ్లాడు. పుదీనా టీ వచ్చింది, ముప్పై తివాచీలు మా ముందు పరిచారు, అమ్మ "పాపం ఇన్ని విప్పారు, ఏదో ఒకటి కొనవే" అని టెన్షన్ పడింది. కొనలేదు. బయటికొచ్చాక నేను మొహం మాడ్చుకుంటే ఆయన సూటిగానే చెప్పాడు, కొంటే నాకు వాటా వస్తుంది, సీజన్ లేని నెలల్లో ఇల్లు గడిచేది దాంతోనే అని. చార్మినార్ దగ్గర ఆటో అతను ముత్యాల కొట్టు ముందు ఎందుకు ఆపుతాడో మనకి తెలీదా? నేను దీన్ని మోసం అనను. మనం నాలుగు గంటల నడకకి 400 దిర్హాములు ఇచ్చి, నలభై ఏళ్ల చదువు ఆ రేటుకి రావాలంటాం, మిగతాది ఎవరో ఒకరి దగ్గర ఆయన రాబట్టుకుంటాడు. కావాలంటే బేరం ముందే వేరుగా ఆడుకోవచ్చు: షాపుల్లేకుండా అయితే ఎంత, అని. నేనడగలేదు. తప్పు నాది కూడా.

కానీ ఆ నడకలో నాకు మిగిలినది ఏ కట్టడమూ కాదు, ఒక పొయ్యి. తివాచీల కోపం తగ్గించడానికనుకుంటా, ఇంటికి వెళ్లే దారిలో తన పేటలోకి తీసుకెళ్లాడు. ప్రతి పేటకీ అయిదు ఉంటాయట: మసీదు, పిల్లల ఖురాను బడి, నీళ్ల కుళాయి, హమ్మామ్ అనే స్నానాల ఇల్లు, రొట్టెల పొయ్యి. పొయ్యిని ఫెర్రాన్ అంటారు. మూడు మెట్లు దిగితే చీకటి గది, గోడలో నిప్పుల గుహ, దాని ముందు గోతిలో నిలబడిన మనిషి. చేతిలో రెండు బారల చెక్క తెడ్డు. ఇళ్లలో పొద్దున్నే పిండి కలిపి, గుండ్రంగా తట్టి, చెక్క పలక మీద పెట్టి పైన గుడ్డ కప్పి పిల్లలతో పంపిస్తారు. మేం ఉండగానే ఎనిమిదేళ్ల పిల్ల తల మీద పలకతో వచ్చి, దించి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆయన ఆ పిల్ల వైపు చూడను కూడా లేదు. పలకలు పది పదిహేను ఉన్నాయి, రొట్టెలన్నీ నా కంటికి ఒక్కలాగే ఉన్నాయి. ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుందని అడిగాం. గైడు అడిగి చెప్పాడు: ఒకరు పల్చగా తడతారు, ఒకరు మధ్యలో ఫోర్కుతో మూడు గాట్లు పెడతారు, ఒకావిడ రవ్వ ఎక్కువ కలుపుతుంది, ఒకావిడకి అంచు మాడితేనే ఇష్టం.

అమ్మ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. చిన్నప్పుడు పిండిమరకి బియ్యం గిన్నె పంపిస్తే, మర ఆయన గిన్నె చూసే ఎవరిదో చెప్పేవాడట, వాళ్ల బియ్యం వీళ్ల పిండిలో కలిసేది కాదట. పొయ్యి మనిషి తెడ్డు మీద ఒక రొట్టె బయటికి తీసి, విరిచి, సగం అమ్మ చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే గైడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈ పొయ్యి మాకు ఏ వీడియోలోనూ కనిపించలేదు, మేమే తిరుగుతూ వెళ్లుంటే బయట బొగ్గు మసి చూసి ముందుకి పోయేవాళ్లం.

కాబట్టి నా వాదన ఇది: మొదటి రోజే గైడుని పెట్టుకోండి, బ్యాడ్జి చూసి, డబ్బు ముందే మాట్లాడుకుని. తేదీలు అడగొద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మీ ఇల్లెక్కడ, మీ రొట్టె ఎక్కడ కాలుతుంది, నీళ్లు ఎటు నుంచి వస్తాయి, ఇక్కడ ఎవరు ఎక్కడివరకు రావచ్చు, ఇవి అడగండి. రెండో రోజు గైడు లేకుండా వెళ్లండి. అప్పుడు తిరగడం తప్పిపోవడం కాదు.

మేం మూడో రోజు ఒక్కళ్లమే వెళ్లాం. తలా స్గీరా మీదుగా కిందకి దిగి, అత్తారీన్‌లో జీలకర్ర కొని, పొయ్యి దగ్గర ఓ పలకరింపు పలకరించి, అమ్మ మోకాళ్లు మొరాయించేసరికి తిరుగుముఖం పట్టాం. సగం దారిలో మళ్లీ ఒక కుర్రాడు, వాడే కాదు గానీ వాడి అన్నదమ్ముడిలా ఉన్నాడు, ఎడమ వైపు సందు చూపిస్తూ "క్లోజ్డ్, మేడమ్, దిస్ వే" అన్నాడు. అమ్మ ఆ సందులోకి తొంగి చూసింది, మొదట్లో తలుపు చట్రం చూసింది, నేల ఎటు ఎత్తు ఉందో చూసింది.

"అది వాళ్ల వాకిలి నాయనా, మనం ఇటు పైకి పోతే గేటొస్తుందిలే" అంది తెలుగులోనే.

వాడికేం అర్థమైందో గానీ, పక్కకి జరిగాడు.